మ్రానై వంగునా?

"మొక్కై వంగనిది మ్రానై వంగునా" యను సామెతను చిన్ననాడు మా తండ్రిగారి నోట వింటిని. గృహస్థుడనైన పిదప నా బిడ్డలకు వినిపించితిని. ఉద్యోగము విరమించి అరువదియారవ యేడు దాటిన తరువాత, ఇంటిలోనివారు నా మొండితనమును ఎత్తిచూపినప్పుడెల్ల ఆ సామెతనే అడ్డముగా పెట్టుకొంటిని. నేను మ్రానునైతిని, ఇక నన్ను వంచుట మీ తరము గాదు, నా తరమును గాదు అని దాని తాత్పర్యము. మనుష్యుని విషయమున ఆ సామెత సగము సత్యమే యని నాకు తోపించినవాడు వేదాంతి గాడు, పౌరాణికుడు గాడు. కడచిన ఆషాఢమున అమీర్‌పేటలోని మా యింటికి నీటిగొట్టములు మార్చవచ్చిన యొక మేస్త్రి. అతడు చెప్పిన మాటలు నాలుగైదే. తక్కినదంతయు అతని సంచిలోని మూరెడు రాగిగొట్టము చెప్పినది.

మా యిల్లు అమీర్‌పేటనుండి బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోవు త్రోవలో నొక సందున నున్నది. ఇల్లు కట్టిననాడు వేసిన జీఐ గొట్టములు, అనగా జింకుపూత గల యినుపగొట్టములు, నలుబది యేండ్లుగా బోరునీటిలోని సున్నమును తమలోని త్రుప్పును పొరలు పొరలుగా పేర్చుకొని, తుదకు చిటికెనవ్రేలైనను దూరని స్థితికి వచ్చినవి. ఈ నగరమున నిప్పుడు ఇండ్లకు వేయునవి సీపీవీసీ గొట్టములు. అవి చౌకగా వచ్చును, త్రుప్పుపట్టవు, జిగురు పూసి అతికినచో పని త్వరగా ముగియును. రాగి యన్నచో ఏసీ మరలకును, ఆస్పత్రులలో ప్రాణవాయువును రోగి మంచమువరకు గొనిపోవుటకును తప్ప ఇంటినీటికి వాడువారు మనలో అరుదు. మేస్త్రియు నాకు ఆ మాటయే చెప్పి, వ్యయమును లెక్కగట్టి చూపి, రెండుమారులు వారించెను. అయినను గీజరునుండి వంటయింటికిని స్నానపుగదికిని పోవు కొలదిపాటి దూరమునకైనను రాగియే కావలెనని నేను పట్టుబట్టితిని. మా తల్లిగారు ప్రతిరాత్రియు రాగిచెంబున నీరు నింపి మూతపెట్టి, తెల్లవారిన పిదప అందరకును పోసెడివారు. రాగి తగిలిన నీటిలో సూక్ష్మజీవులు నశించునని స్విట్జర్లాండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు నేగెలి గుర్తించిన సంగతి 1893లో ప్రకటితమైనది గాని, ఆమె ఆ పేరును ఎన్నడును వినియుండలేదు. ఈజిప్టుదేశమున అబూసీరు కడ సహూరే రాజు పిరమిడు నంటియున్న యాలయములో నీరు పోవుటకు రాగిరేకులను చుట్టి చేసిన గొట్టములు వేసిరనియు, అవి దాదాపు 4500 సంవత్సరములనాటివనియు చదివినపుడు ఆ లోహమునెడ నాకు గల గౌరవము మరింత హెచ్చినది.

రాణిగంజి అంగళ్ళనుండి మేస్త్రి రెండు తెగల రాగిని తెచ్చెను. ఒకటి నిటారుగా నున్న గట్టిగొట్టము, రెండవది చుట్టగా చుట్టిన మెత్తని గొట్టము. రెండును ఒకే రాగి. చల్లనిస్థితిలో అచ్చుకన్నముగుండ లాగి లాగి సన్నముచేసినపుడు గొట్టము గట్టిపడును. ఆ గట్టిదానినే కొలిమిలో కాచి విడిచినచో మెత్తనగును. గోడవెంట తిన్నగా పోవలసినచోట గట్టిది నిలుచును, కాని ప్రతి మలుపునకును ఎల్బో నతికింపవలెను. మలుపులు హెచ్చుగా నున్నచోట మెత్తనిదానిని వంచుకొని పోయినచో అతుకులు తగ్గును, అతుకులు తగ్గినకొలది కారుటకు తావు తగ్గును. గోడమందమును బట్టి అమెరికావారు కె, ఎల్, ఎమ్ అని మూడు తరగతులేర్పరచిరి. అరంగుళపు గొట్టమునకు మూడింటను బయటి వ్యాసము 5/8 అంగుళమే; గోడ మాత్రము కె తరగతిలో సుమారు 1.2 మిల్లీమీటర్లు, ఎల్ తరగతిలో 1, ఎమ్ తరగతిలో 0.7. బయటినుండి చూచువానికి మూడును ఒక్కటే. వంపునకు అక్కరకు వచ్చునది కంటికందని లోపలి మందము. ఇంకొక చిక్కు గలదు. నీటిపనివారు అరంగుళమన్నచో లోపలి రంధ్రమును తలచుకొని పెట్టిన పేరు, ఏసీ పనివారు అరంగుళమన్నచో బయటి వ్యాసపు కొలత. ఒకే మాట చెప్పి ఇద్దరును రెండు గొట్టములు కొనితెత్తురు. ముప్పదియేండ్లు దస్త్రములు వ్రాసినవాడను గనుక, ఒకే మాటకు రెండు కొలతలున్నచోట ఎన్ని కలహములు పుట్టునో నేనెరుగుదును. సోదరుల నడుమ 'న్యాయమైన వాటా' యను మాటయు అట్టిదే. దానిని గూర్చి ముందు చెప్పవలసియున్నది.

పని మొదలైన రెండవనాడే ఆగినది. ఎల్లమ్మ కల్యాణము వచ్చినది. బల్కంపేటలో అమ్మవారి మూర్తి నేలమట్టమునకు దిగువను, బావిలో వెలసియున్నది. నీరూరు తావే గర్భాలయము. ఆ నీటినే జనులు తీర్థముగా గొనిపోవుదురు. మా సందు మొదలుకొని పెద్దవీథివరకు బోనములతోను, పసుపు పారాణులతోను, డప్పులతోను నిండిపోగా, మేస్త్రి తన పిల్లలను వెంటబెట్టుకొని దర్శనమునకు పోయి రెండునాళ్ళు రాలేదు. వసారాలో అతడు వదలిపోయిన సంచికడ కూర్చుండి, ఏమియు తోచక, ఏసీ పనినుండి మిగిలిన పావంగుళపు సన్నగొట్టపు ముక్క నొకదానిని చేతికి తీసికొంటిని. మూరెడు పొడవుండును. రెండుచేతులతో వంచగా అది తమలపాకు తీగవలె వంగినది. దానిని తిరిగి చక్కజేయబోతిని. అప్పుడొక వింత కనబడెను: వంగినచోటు చక్కబడలేదు, దాని కిరువైపుల నంతవరకు వంగని భాగములు వంగి, గొట్టము తిన్ననైనట్లు పైకి తోచినను పామువలె మెలిక తిరిగినది. వంగినచోటు గట్టిపడి మొండికేయగా, ఆ మొండితనమునకు మెత్తని యిరుగుపొరుగులు లొంగినవన్నమాట. మరల వంచితిని, మరల చక్కజేయబోతిని. ప్రతిమారును బలము హెచ్చుగా కావలసివచ్చెను. ఆరవమారో యేడవమారో లోపలి వంపున ముడుత పడి, బయటి వంపున వెండ్రుకవంటి పగులు కానవచ్చెను.

మేస్త్రి వచ్చినపుడు ఆ ముక్కను చూపి, సొమ్ము చెల్లింతునంటిని. అతడు నవ్వి, "దానికి పైసలెందుకు సారూ? రాగి పుట్టుకతోని గట్టిది గాదు. వంచినకొద్ది గట్టివడతది. మంట జూపిస్తే మళ్ళ మెత్తగైతది" అనెను. అని ఊరకుండక, నేను చెరచినదానివంటిదే మరియొక ముక్కను తీసికొని నాలుగుమారులు వంచి చక్కజేసి, గట్టిపడినదని నా చేతికిచ్చి నమ్మకము కలిగించి, గ్యాసుమంట నంటించి, నీడలో చూచిన మందారపు రంగు వచ్చువరకు దానిని కాచి, బకెట్టునీటిలో ముంచెను. చుయ్యిమను చప్పుడైనది. తెనాలి పొలముల నడుమ మా యూరి కమ్మరి కొలిమికడ కొడవలిని కాచి నీట ముంచుట చిన్నప్పుడు చూచినవాడను గనుక, అది మరింత గట్టిపడియుండునని తలచితిని. అతడు దానిని నాకందించెను. తామరతూడువలె వంగినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అరువదియారేండ్లుగా నేను నమ్మిన సామెత కఱ్ఱను ప్రమాణముగా గొన్నది. మనుష్యుడు కఱ్ఱయే యని ఎవరు నిర్ణయించిరి? లోహము కాగూడదా? చీనాదేశపు తత్త్వవేత్త షున్‌జియును మానవస్వభావము వంకరకఱ్ఱవంటిదనియు, ఆవిరిపట్టి బిగించినగాని చక్కబడదనియు చెప్పెనట. మనవారును అన్యదేశీయులును కూడ కఱ్ఱనే పట్టుకొనిరి. కాని మన యుపనిషత్తులలో నొకచోట కథ వేరు. ఛాందోగ్యమున శ్వేతకేతువు పండ్రెండవయేట గురుకులమునకు పోయి, ఇరువదినాలుగవయేట వేదములన్నియు ముగించి, తనంతటివాడు లేడనుకొనుచు ఇంటికి వచ్చును. అప్పటి యతని స్థితిని శ్రుతి 'స్తబ్ధుడు' అను నొక్కమాటతో వర్ణించినది. ఆ పదమునకు బిగిసిపోయినవాడు, వంగనివాడు అని యర్థము. అప్పటికే అతడు మొక్క కాడు. తండ్రియైన యుద్దాలకుడు ఇక వీడు వంగడని చేతులు దులుపుకొనలేదు. మట్టిముద్ద, లోహపుముద్ద, ఇనుము అను దృష్టాంతములను చూపి, ఏ యొక్కదానిని తెలిసికొన్నచో తెలియనిదియు తెలియవచ్చునో దానిని ఓపికతో బోధించెను. బిగిసిన కొడుకునకు తండ్రి చూపిన వస్తువులలో రెండు లోహములుండుట యాదృచ్ఛికమే కావచ్చును. నాకు మాత్రము ఆ రాత్రి అది నాకొరకే వ్రాసినట్లు తోచెను.

రాగి యేల గట్టిపడును? లోహము స్ఫటికమయము, అందలి పరమాణువులు పొరలు పొరలుగా అమరియుండును, వంచినపుడు పొర మీద పొర జారును. ఆ జారుటకు తోడ్పడునవి అమరికలోని లోపములే. వీనికి స్థానభ్రంశములని పేరు. 1934లో టేలరు, ఒరోవాను, పొలాన్యీ యను మువ్వురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారుగా ఈ సంగతిని ప్రతిపాదించిరి. వంగుటకు కారణమైన యా భ్రంశములే వంగినకొలది లెక్కకు మిక్కిలిగా పెరిగి, ఒకదాని త్రోవకు ఒకటి అడ్డుపడి, పిల్లిచేతికి చిక్కిన దారపుకండెవలె చిక్కుపడి, తుదకు కదలలేకపోవును. కాఠిన్యమనగా ఆ చిక్కు తప్ప వేరొకటి గాదు. రాగిలోనికి క్రొత్తగా వచ్చి చేరిన గట్టిపదార్థము ఏదియు లేదు. వేడి తగిలినపుడు పాతరేణువుల స్థానమున చిక్కులేని క్రొత్తరేణువులు పుట్టి పెరుగును. గొట్టము ఆకారము చెడదు, కరగదు. రాగి కరగుటకు 1085 డిగ్రీల సెల్సియసు వేడిమి కావలెను. మెత్తబడుటకు అందులో సగము చాలును. అదే దేహమున మరల పుట్టుట యిది. ద్విజశబ్దమునకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానమును నేనెరుగను.

మన శాస్త్రములు సంస్కారమనియు వాసన యనియు చెప్పునది సరిగా ఆ చిక్కే కదా! ప్రతి కర్మయు గడచిపోవును గాని, గడచిన జాడ లోపల నిలుచును. ఆ జాడ తరువాతి కర్మకు త్రోవ నిర్ణయించును. అయితే నేనింతవరకు ఒక సంగతిని తలక్రిందుగా తెలిసికొనియుంటిని. ఎన్నడును వంగనివాడే కఠినుడగునని తలచితిని. రాగి వేరుగా చెప్పుచున్నది: మిక్కిలిగా వంగినవాడే, నడుమ నిప్పును చూడక వంగుచు పోయినవాడే, కఠినుడగును. నేను ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా ప్రవేశించి సూపరింటెండెంటునై విరమించితిని. ఆ ముప్పదియేండ్లలో వంగని దినము లేదు. పై యధికారి మాట తప్పని తెలిసియు తలయూచితిని; క్రొత్తవాడు వచ్చినపుడు క్రొత్తవైపునకు వంగితిని. ప్రతి వంపును చిన్నదే, అప్పటికప్పుడు చక్కబడినట్లే తోచినదే. సాయంకాలము ఇల్లు చేరునప్పటికి నాలో వంగుటకు ఏమియు మిగులలేదు. అప్పుడు, ఆ మూరెడు ముక్కలో జరిగినట్లే, గట్టిపడిన నాచోటు కదలక, నా భార్యయు బిడ్డలును నా చుట్టును వంగుచు వచ్చిరి. పైకి సంసారము తిన్నగా నున్నట్లే కనబడినది. దానినే నేను నా స్థిరత్వమని చెప్పుకొంటిని.

భగవద్గీతయందు ఈ సందేహమునకు రెండువైపులను బలమిచ్చు మాటలు గలవు. మూడవ యధ్యాయమున జ్ఞానియు తన ప్రకృతి ననుసరించియే చరించుననియు, నిగ్రహము ఏమి చేయగలదనియు భగవానుడు పలికెను. నావంటి మొండివారందరును అచ్చటనే చదువుట ఆపుదురు. నాలుగవ యధ్యాయమున జ్ఞానమను అగ్ని కర్మములన్నిటిని కట్టెలవలె కాల్చి బూడిద చేయునని చెప్పెను. ఈ రెండవచోట కట్టెతో పోల్చినది కర్మనే గాని మనుష్యుని గాదని గమనింపవలెను. కట్టెను నిప్పులో వేసినచో కట్టె మిగులదు. రాగిని వేసినచో రాగియే మిగులును, చిక్కు పోవును. యోగవాసిష్ఠము మరింత ధైర్యముగా, మనము దైవమనునది వెనుకటి పురుషప్రయత్నమే యనియు, నేటి ప్రయత్నము దానితో పొట్టేలు పొట్టేలుతో తలపడినట్లు తలపడుననియు, బలముగలదే గెలుచుననియు చెప్పినది. ప్రకృతియని నేను తలవంచినది నిజముగా నా ప్రకృతి గాక, నా గతమైనయెడల, నిగ్రహము పనికిరాదన్న మాట నాకు ఆశ్రయమీయజాలదు.

అమీర్‌పేటలో నివసించుచు ఈ సంగతిని ఇంత ఆలస్యముగా గ్రహించుట నాకు లజ్జాకరము. మైత్రీవనము చుట్టునున్న వీథులలో గోడలమీద, స్తంభములమీద, మెట్లమీద కంప్యూటరు విద్యల పేర్లు అంటించియుండును; ఉదయము ఏడుగంటలకే సందులు నిండును. వారందరును ఇరువదేండ్ల పిల్లలు గారు. ఉద్యోగము పోయి, నేర్చినవిద్య పాతబడి, నలుబదియేండ్ల వయస్సున అన్నముడబ్బా సంచిలో పెట్టుకొని, తమ కొడుకు వయస్సుగల ఉపాధ్యాయుని యెదుట మొదటి బల్లమీద కూర్చుండువారిని నేను టీబడ్డీకడ ప్రతిదినము చూచితిని. మ్రానులు వంగుటకై దేశదేశములనుండి వచ్చు పేట యిది. వారి ముఖములలోని యలసటను చూచి జాలిపడితినేగాని, అది కొలిమి యని నాకు తోచలేదు.

వంచుటయందు మరియొక రహస్యము గలదు. గొట్టమునకు గొట్టమనిపేరు దాని లోపలి శూన్యమువలన వచ్చినది. నీరు పోవునది ఆ శూన్యమునుండియే. కాని శూన్యముగా నున్న గొట్టమును గట్టిగా వంచినచో నొక్కుకొనిపోయి, ఏ శూన్యముకొరకు అది పుట్టినదో ఆ శూన్యమే మూసికొనిపోవును. అందుచేత వంపునకు ముందు లోపల ఉక్కుస్ప్రింగును దూర్తురు, లేదా పొడియిసుకను నింపి రెండుకొనలను బిగియగట్టుదురు, పిదప వంతురు, వంచినపిదప ఇసుకను చిట్టచివరి రేణువువరకు దులిపి, కడిగివేయుదురు. ఇసుక గొట్టమునకు సంబంధించినది గాదు, నీటికి శత్రువు. అయినను అది లేక వంపు కుదురదు. సంధ్యావందనము, జపము, ఉపవాసము, పూజ మొదలైనవి నిర్గుణమును కోరువానికి ఏలయని యౌవనమున నేను తర్కించెడివాడను. ముందు ఆరోపించి, పని ముగిసిన పిదప తొలగించుటను వేదాంతులు అధ్యారోపాపవాదమందురు. మేస్త్రి ఆ పదము వినలేదు. కాని మా వంటయింటి మూల మలుపునొద్ద ఇసుక నింపుచు, "ఖాళీగ వంచితే నలిగిపోతది సారూ" అనెను. ఇసుకను నింపుట మరచువారు కొందరు. దులుపుట మరచువారు మరికొందరు. రెండవవారి యిండ్లలో కుళాయి విప్పినచో నీటికి బదులు ఇసుక వచ్చును. జీవితమంతయు ఆచారమును పట్టుకొని, అందుండి ఒక్కచుక్క దయను పారనీయని పెద్దలను నేను చూచితిని. వారిలో నేనును ఒకడను.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న యిక మిగిలినది. కష్టము నిప్పువంటిదందురు, ఆ నిప్పు కొందరిని మెత్తపరచును, కొందరిని మరింత బండబార్చును. ఇది యేల? అదే కొలిమి, అదే నీరు. రాగి మెత్తబడుచున్నది, ఉక్కు గట్టిపడుచున్నది. కారణమును వెదకి చదివితిని. ఉక్కులో బొగ్గుసత్తువయగు కార్బనము గలదు. ఎఱ్ఱగా కాగినపుడు అది ఇనుపపరమాణువుల నడుమ కరగి తిరుగుచుండును. తటాలున నీట ముంచినచో బయటపడుటకు వ్యవధి లేక లోపలనే చిక్కుకొని, ఆ యమరికను బిగదీసి పట్టును. మెల్లగా చల్లార్చినచో ఉక్కును మెత్తబడును. రాగిలో అట్లు చిక్కుకొనునది లేదు గనుక నీట ముంచినను భయము లేదు. దుఃఖము వచ్చినపుడు మనలో పగయో, మాత్సర్యమో కరగియున్నదనుకొందము. దుఃఖమును త్వరగా చల్లార్చివేసి, లోకమునెదుట గంభీరముగా నిలిచినచో, అది లోపలనే బిగిసిపోవును. చాలకాలము ఏడ్చినవారు మెత్తబడుటయు, ఏడ్వక దిగమ్రింగినవారు బండబారుటయు నేను చూచితిని. గొట్టములకు వాడు రాగికి ముందుగానే కొంచెము భాస్వరము చేర్చి అందలి ప్రాణవాయువును తొలగింతురు. ఆ శుద్ధి జరుగని రాగికి హైడ్రోజను గల మంట తగిలినచో లోపల ఆవిరిపుట్టి లోహము పెళుసుబారును. జ్ఞానమునకు ముందు చిత్తశుద్ధి కావలెనని శంకరులు అంతగా నొత్తిచెప్పుటయందలి యర్థము నాకిప్పుడు తెలిసినది.

ఇక నా తమ్ముని మాట. మా తండ్రిగారు పోయినపిదప ఊరిలోని యిల్లు అమ్మినపుడు వాటాల విషయమున మాట వచ్చినది. ఇద్దరమును న్యాయమైన వాటాయే యడిగితిమి. నా న్యాయము నేను తల్లిదండ్రులను పోషించిన సంవత్సరములను కొలిచినది, వాని న్యాయము వాడు పొలమునకు పెట్టిన సొమ్మును కొలిచినది. మాట మాట పెరిగి, పదిమందిలో వానిని తమ్ముడు కాదంటిని. పదునొకండేండ్లు మాటలు లేవు. వాడు నివసించునది పంజాగుట్టలో. వాని కూతురి పెండ్లికి శుభలేఖ వచ్చినది, నేను పోలేదు. మెట్రో రైలు వచ్చిన తరువాత ఒకనాడు నేనెక్కిన పెట్టెలోనే వాడును ఎక్కగా, నేను కిటికీవైపు ముఖము త్రిప్పుకొంటిని. కిటికీలో నా ముఖమే కనబడినది.

గొట్టముల పని ముగిసిన నెలకు, శ్రావణమున, వాని కొడుకు ఫోనుచేసి, "పెదనాన్నా, నాన్నకు ఊపిరి అందడం లేదు, ఆస్పత్రిలో చేర్చాం" అనెను. పంజాగుట్టలోని యా యాస్పత్రికి ఎట్లు పోయితినో గుర్తులేదు. మంచము తలాపిగోడపై రాగిగొట్టము సన్నగా పోవుచు, ఒకచోట చక్కగా వంగి, ప్రాణవాయువును వాని ముఖమువరకు తెచ్చుచుండెను. ముడుతలేని వంపు. దానిని చూచుచు నిలిచితినేగాని వాని కన్నులలోనికి చూడలేకపోయితిని. వాడే తొడుగును కొంచెము ప్రక్కకు జరిపి, "అన్నయ్యా, మెట్రోలో వచ్చావా?" అని యడిగెను. వాని తలమీద చేయి యుంచి, ఎదుట దాదులుండగా, వాని కొడుకుండగా, ఏడ్చితిని. చల్లార్చుకొనుటకు తొందరపడలేదు.

గొట్టమును ఎంత కోణమునకు వంచదలచితిమో అంతకు వంచి విడిచినచో, అది కొంచెము వెనుకకు పోవును. అందుచేత మేస్త్రులు కావలసినదానికంటె కొంచెము హెచ్చుగానే వంతురు. ఇల్లు చేరిన రాత్రి నాలోని పాత లెక్కలు మరల తల యెత్తినవి. తప్పు వానిదికూడ కదాయని మనస్సు వెనుకకు లాగినది. మరునాడు పోవలసిన యవసరము లేదు, వాడు కోలుకొనుచుండెను. అయినను పోయితిని. పదునాలుగుదినములు, వాడు ఇంటికి వచ్చువరకు, ప్రతిదినమును పోయితిని.

అంతయు పూర్వమువలె నైనదని చెప్పజాలను. గొట్టమును వంచినపుడు బయటివంపున గోడ సాగి పలుచబడును. మరల కాచినచో రాగి మెత్తబడును, పోయిన మందము మాత్రము తిరిగిరాదు. జ్ఞానము సంచితమును కాల్చును గాని ప్రారబ్ధము అనుభవింపక తీరదని పెద్దలు విడిచిన బాణముతో పోల్చి చెప్పుదురు. నాకు ఆ పలుచని గోడయే కన్నులకు కట్టుచున్నది. ఊరి యింటి ప్రసక్తి వచ్చినచో మే మిద్దరమును మాట మార్చుదుము. ఆచోట ఒత్తిడి పెట్టరాదని ఇద్దరకును తెలియును. వాని కూతురి పెండ్లి ఛాయాచిత్రములలో నేను లేను, ఎన్నటికిని ఉండను. చెరచిన ఆ మూరెడు ముక్కను పారవేయక నా వ్రాతబల్లమీద నుంచుకొంటిని.

తమ్ముడు ఇప్పుడు ప్రతి యాదివారము మా యింటికి వచ్చి, మధ్యాహ్నభోజనముచేసి, చీకటిపడకముందే పోవును. పంజాగుట్టనుండి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్క స్టేషను.